మైనం పెట్టుకోమని రాసుండాది

ఇదంతా నేను ఇంతకుముందు రాయకపోవడానికి కారణం ఒక్కటే. నాకు రాయడం వచ్చేది కాదు. ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా అక్షరం ముక్క తెలియదు. నా జబ్బు గురించి మా ఇంట్లో, మా ఊళ్లో అందరూ తలా ఒక రకంగా చెప్పారు. ఈత పిచ్చి ముదిరి వచ్చిందన్నారు కొందరు. ఆడపిల్ల మోకాళ్లు కనబడేట్టు నీళ్లలో దూకితే గంగమ్మకు కోపం రాదా అన్నారు మరికొందరు. నేను మాత్రం ఏమీ చెప్పలేదు. అసలు సంగతి నాకే తెలియదు కాబట్టి. అది ఒక చీటీలో ఉంది. ఆ చీటీని డాక్టరమ్మ నా అరచేతిలోనే పెట్టింది. అందులో ఏముందో తెలుసుకోవడానికి నాకు పద్నాలుగేళ్లు పట్టింది.

మాది తిరుత్తణికి నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె. తిరువళ్ళూరు పోయే బస్సు మా ఊరి ముందర నిలుస్తుంది. రెండెకరాల చెరుకు, దాని మధ్య రాతి కట్టడపు గుండ్రటి బావి, అదే మా ఆస్తి. నాకు ఆరో ఏడు వచ్చినప్పుడు మా నాయన నా నడుముకు రెండు ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఆ బావిలోకి తోశాడు. మూడో రోజు బుర్రలు ఊడిపోయాయి. నేను మునగలేదు. ఆ మరుసటి ఏడు నాయన పోయాడు. అమ్మ చేనికి పోతే ఇల్లు, ఎనుములు చూసుకోవడానికి మనిషి కావాలి కనుక నన్ను బడికి పంపలేదు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దవాడైన మా అన్న మునిరత్నం మాత్రం తిరుత్తణిలో తెలుగు మీడియంలో ఎస్సెల్సీ దాకా చదివాడు.

మద్రాసులో ఆడవాళ్లకు కూడా ఈత పోటీలు పెడతారని పేపర్లో చదివింది అన్నే. ఆ రోజు నుంచి బావి గట్టు మీద చింతగింజలు ముందు పోసుకుని కూర్చునేవాడు. నేను పది చుట్లు తిరిగితే ఒక గింజ కుడిపక్క నుంచి ఎడమపక్కకు జరిపేవాడు. ముప్పై గింజలు జరిగేదాకా పైకి రానిచ్చేవాడు కాదు. గుండ్రటి బావిలో నేరుగా ఈదే వీలు లేదు. నేను ఎప్పుడూ ఎడమకే తిరిగేదాన్ని, కుడిపక్కకు తల తిప్పి ఊపిరి తీసుకునేదాన్ని. ఎడమ చెవి ఎప్పుడూ నీళ్లలోనే ఉండేది.

మొదటిసారి మద్రాసులో పోటీకి దిగినప్పుడు, నేరుగా పోవాల్సిన చోట ఎడమకు ఒరిగి, వరుసల మధ్య కట్టిన తాడుకు మూడుసార్లు కొట్టుకున్నాను. గట్టు మీదివాళ్లు నవ్వారు. అయినా రెండోదాన్నయ్యాను. మరుసటి ఏడు పొడుగు దూరం ఫ్రీస్టైల్‌లో మొదటిదాన్ని. ఆ పై ఏడూ నేనే. కొంచెం దూరం అయితే నన్ను ఎవరైనా ఓడించేవాళ్లు. దూరం పెరిగేకొద్దీ ఒక్కొక్కరే వెనకబడేవాళ్లు. నాకు ఆయాసం రాక కాదు, ఎక్కడ ఆపాలో నాకు ఎవరూ నేర్పలేదు. అదీగాక నీళ్లలో ఉన్నంతసేపు నన్ను ఏదీ చదవమని ఎవరూ అడగరు.

పోటీ కాగితాల్లో సంతకం పెట్టాలంటే అన్న నాకు నా పేరు నేర్పించాడు. సుగుణ అనే మూడు అక్షరాలను ముగ్గు వేసినట్టు వేసేదాన్ని. ఏ గీత ఏ శబ్దమో తెలియదు. చూసేవాళ్లకు మాత్రం చదువుకున్న పిల్లలాగే కనిపించేదాన్ని. నాకు అది బాగుండేది. ఈ కథలో నా తప్పు ఎక్కడుందని అడిగితే అక్కడే ఉంది.

రెండో కప్పు ఇచ్చినప్పుడు ఆవడిలోని ఒక ఫ్యాక్టరీ ఆఫీసరు అన్నను పక్కకు పిలిచాడు. వాళ్ల ఈతకొలనుకు ఒక మాస్టరు కావాలట. ఈ అమ్మాయి మూడో ఏడూ గెలిస్తే, ఆమెకు నేర్పినవాడికి ఉద్యోగం అడగడం సులువవుతుందన్నాడట. బస్సులో వస్తూ అన్న ఆ మాటను నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఎమర్జెన్సీ వచ్చిన ఏడు, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో నా ఎడమ చెవి కారడం మొదలైంది. పొద్దున లేచేసరికి దిండు మీద పసుపుపచ్చని మరక, నీచు వాసన. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె గోరువెచ్చగా పోసింది. రెండు రోజులు తగ్గేది, మళ్లీ కారేది. చెవి లోపల ఎవరో గుడ్డ కుక్కినట్టు ఉండేది. అన్న పిలిస్తే ఏ పక్కనుంచి పిలుస్తున్నాడో తెలిసేది కాదు.

"బావిలో ఈదేటోళ్లకు చెవి కారేది మామూలేమే," అన్నాడు అన్న. "నాకూ కారింది చిన్నప్పుడు."

"నీకు కారితే నువ్వు ఇంట్లో పండుకుంటివి," అంది అమ్మ. "దాన్ని మాత్రం నీళ్లలోనే నానబెడతా ఉండావు."

"గమ్మునుండుమా. ఇంకా మూడు నెల్లే."

రెండు నెలల తర్వాత, పంగుణిలో, తల దిమ్మెక్కి బావి మెట్ల మీద కూలబడ్డాక, అమ్మ పోరు పడలేక అన్న నన్ను తిరువళ్ళూరు ఆస్పత్రికి తీసుకుపోయాడు. పొద్దున ఏడింటికి చీటీ తీసుకుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు పిలుపు వచ్చింది. ఆ ఆరు గంటలు ఒక పొడుగు బల్ల మీద కూర్చున్నాను. ఆయా ఒకామె ఫినాయిల్ గుడ్డతో నేల తుడుస్తూ వచ్చినప్పుడల్లా బల్ల మీది వాళ్లందరం ఒక్కసారే కాళ్లు ఎత్తేవాళ్లం. మూడోసారి ఎత్తినప్పుడు నా పక్కనున్న ముసలమ్మ, "డాక్టరు సూసేలోపల మన కాళ్లకు బాగా కసరత్తు అయిపోతాది," అంది. చెవి నొప్పిలో కూడా నవ్వాను. నవ్వితే దవడ దాకా లాగింది.

అన్నకు మాత్రం నిలకడ లేదు. తలుపు సందులోనుంచి రెండుసార్లు తల పెట్టి, "అమ్మా, పోటీ ఉండాది, మందిచ్చి పంపీండమ్మా," అని అరిచాడు. రెండోసారి డాక్టరమ్మ అతన్ని బయటికి పొమ్మని తలుపు వేయించింది.

ఆమె నెల్లూరు పక్క మనిషి. చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. పుస్తకంలో నా చేత సంతకం పెట్టించుకుంది. ఆ మూడు అక్షరాలు చూసి ఆమె ముఖం విప్పారింది.

"తెలుగులో సంతకం చేశావే! చదవడం వచ్చా నీకు?"

రాదని చెప్పాల్సింది. రెండు కప్పులు గెలిచినదాన్ని, పేపర్లో ఫోటో పడినదాన్ని, ఆ తెల్లకోటు ముందు రాదని చెప్పడానికి నోరు రాలేదు.

"వచ్చునమ్మా," అన్నాను.

ఆమె ఒక కాగితం లాక్కుని రాయసాగింది. సగంలో ఉండగానే నర్సు పరుగున వచ్చి కాన్పు కేసు కష్టంగా ఉందని చెప్పింది. ఆమె నిలబడే మిగతాది రాసి, కాగితం మడిచి నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది.

"అంతా రాశాను. బయట ఉన్నతను నా మాట వినే మనిషిలా లేడు. నువ్వే చదువుకో. ఎవరేమన్నా ఇందులో ఉన్నట్టు చెయ్యి, సరేనా?"

సరేనమ్మా అన్నాను. ఆమె పరుగు లాంటి నడకతో వెళ్లిపోయింది. మళ్లీ ఆమెను చూడలేదు.

తిరువళ్ళూరు బస్టాండులో ఆ కాగితాన్ని అన్నకు ఇచ్చాను. చదవమని నాకు చెప్పిన మాట అన్నకు చెప్పలేదు. చెబితే నవ్వుతాడని. అన్న చదివాడు. చదివినవాడు మడిచి, మళ్లీ విప్పి, ఇంకోసారి చదివాడు. అరక్కోణం బస్సు ఒకటి వచ్చి పోయింది. అది మా బస్సు కాదు, అయినా అది కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉన్నాడు.

"ఏమి రాసుండాదన్నా?"

"చెవుల్లో మైనం పెట్టుకోమని రాసుండాది. తలకు నూనె రాసుకోమని. భయపడొద్దని."

అంతేనా అన్నాను. అంతే అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. బస్సెక్కాక ఒక మూర మల్లెపూలు కొనిపెట్టాడు. అన్న నాకు పూలు కొనడం అదే మొదలు.

ఆ సాయంత్రమే తేనెమైనం తెచ్చి ఆముదంలో పిసికి ఉండలు చేశాడు. చీము కారే చెవికి ఆ మైనం బిరడా వేసి రోజూ ముప్పై గింజలు ఈదించాడు. బయటికి పోయే దారి మూసుకుపోయిన చీము ఎటు పోతుందో ఇప్పుడు నాకు తెలుసు. చిన్నబిడ్డలకు చెవి కారితే నూనె పోసే తల్లులకు, నీళ్లలో దించే తండ్రులకు తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఆ మరుసటి నెల, చిత్తిరలో పోటీ. సగం దూరం దాకా మామూలుగానే ఉన్నాను. తర్వాత తలలో ఏదో తెగింది. నొప్పి కాదు, నొప్పి ఆగిపోవడం. ఆ పైన నీళ్లు ఏటవాలుగా నిలబడినట్టు అనిపించింది. తాడుకు కొట్టుకున్న పాత రోజు గుర్తొచ్చి, ఈసారి కావాలనే చెయ్యి తాడుకు తగిలేలా పెట్టుకుని, దాన్నిబట్టే దిక్కు తెలుసుకుంటూ ఈదాను. గెలిచాను. గట్టెక్కి నిలబడితే నేల తిరిగిపోయింది. ఇద్దరు రెండు చంకల్లో చేతులు వేసి పట్టుకుంటే కప్పు తీసుకున్నాను. మరునాడు పేపర్లో ఆ ఫోటో వేశారు. చూసినవాళ్లకు, సంతోషం పట్టలేక నన్ను ఎత్తుకున్నట్టు ఉంటుంది.

పది రోజుల జ్వరం తర్వాత నా ముఖం ఎడమపక్క జారిపోయింది. నీళ్లు తాగితే నోటి మూలనుంచి కారిపోయేవి. కన్ను మూతపడేది కాదు. నన్ను చూసి మొదట ఏడ్చింది అమ్మ కాదు, అన్న. అప్పుడు ఆ ఏడుపు చూసి, మా అన్నకు నేనంటే ఎంత ప్రాణమో అనుకున్నాను.

మద్రాసు పెద్దాస్పత్రిలో నలభై రోజులున్నాను. చీము కపాలంలోకి పోయిందన్నారు, తెరిచి తీయాలన్నారు, బతుకుతుందో లేదో చెప్పలేమన్నారు. ఎడమపక్క తల సగం గొరిగి ఆపరేషన్ చేశారు. ఆ నలభై రోజుల్లో నాకు బాగా గుర్తున్నది పక్క మంచం ఆమె. పూందమల్లి మనిషి, తమిళం తప్ప రాదు. నాకు ఎడమ చెవి పోయిందని ఎవరూ చెప్పకముందే ఆమె కనిపెట్టింది. నేను పిలుపు అందుకోకపోయేసరికి, దిండు తిప్పుకుని తన కాళ్లవైపు తల పెట్టుకుని పడుకుంది. అలాగైతే ఆమె ముఖం నాకు ఎదురుగా ఉంటుంది, మాట కుడి చెవికి కూడా అందుతుంది. ఉన్నన్నాళ్లూ అలాగే తలకిందులుగా పడుకుంది. నర్సు వచ్చి రోజూ తిట్టేది. "పరవాయిల్లై, ఎన్ కట్టిల్, ఎన్ తలై," అనేది ఆమె, ఫరవాలేదు, నా మంచం, నా తల అని.

అమ్మకూ అన్నకూ మాటలు నిలిచిపోయింది అక్కడే.

"ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందిరా?" అని అడిగేది అమ్మ.

"మైనం పెట్టమన్నది, పెట్టినాను. ఇంకేం జేసేది?" అనేవాడు అన్న. తర్వాత వరండాలోకి పోయేవాడు.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఇంటికి పంపారు. నా ప్రాణం దక్కితే తల వెంట్రుకలు ఇస్తానని అమ్మ తిరుత్తణి స్వామికి మొక్కుకుంది. సగం ఆస్పత్రివాళ్లు తీసుకున్నారు, మిగిలిన సగం స్వామికి ఇవ్వడానికి కొండకు పోయాం. మంగలాయన నా తల అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరమ్మా ముందే చేసిండేది? ఇంత మోటు చెయ్యి మా వీధిలో ఎవరికీ లేదే!"

అమ్మ నవ్వి, అంతలోనే కొంగు నోట్లో కుక్కుకుంది. గొరిగినాక మంగలాయన కుట్ల చుట్టూ గంధం పూసేటప్పుడు ఊదుతూ పూశాడు, మంట పుట్టకుండా.

ఆ కార్తీకలో అన్నకు ఆవడిలో ఉద్యోగం వచ్చింది. మూడు కప్పుల ఈతగత్తెకు నేర్పిన మాస్టరు. సోమవారం పొద్దున పోయి శనివారం వచ్చేవాడు. ఆ మరుసటి తై నెలలో, అమ్మ చేనికి పోయిన సమయం చూసుకుని నేను బావిలోకి దిగాను. తల ముంచిన క్షణమే పైన ఏది కింద ఏది తెలియలేదు. వెలుతురు అన్ని పక్కలా ఉంది. ఊపిరి కోసం నేను పైకనుకుని పోయింది అడుగుకు. బురద నోట్లోకి వచ్చాక, మోటారు గొట్టం చేతికి దొరికి, దాన్ని పట్టుకుని ఎగబాకాను. మెట్ల మీద కూర్చుని, ఆరో ఏట రానిది ఇరవై మూడో ఏట తెలిసిందనుకున్నాను. మునగడం.

పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. వంగి కలుపు తీస్తే కళ్లు తిరిగేవి కనుక చేని పనికి పనికిరాలేదు. తిరుత్తణి బజారులో ఒక శెట్టిగారి అంగట్లో పొట్లాలకు కాగితాలు అంటించే పనికి చేరాను. నగరి నుంచి పాత తెలుగు పేపర్లు కట్టలుగా వచ్చేవి. పదకొండేళ్లు నా చేతి మీదుగా ఎన్ని అక్షరాలు పోయాయో. శెట్టిగారి అత్త రంగమ్మ ఒకనాడు, మధ్యాహ్నం బేరాలు లేని వేళ, నా చేతిలోని కాగితం లాక్కుంది.

"ఇంత మర్యాదగా మడిచి అంటిస్తా ఉండావే, దీంట్లో ఏముందో ఒక్కసారన్నా తెలుసుకోవాలని లేదా నీకు?"

"ఇప్పుడు నాకెందుకత్తా?"

"నాకు మాత్రం ఎందుకు? కూర్చో."

పొట్లాల కాగితాల మీదే రెండేళ్లు నేర్పింది. నా పేరులోని మొదటి అక్షరం సకారమని తెలిసిన రోజు కొంచెం కోపం వచ్చింది. అన్నేళ్లు దాన్ని పువ్వు మొగ్గ అనుకుని వేశాను.

అమ్మ పోయిన మూడో నెల, ఒక ఆదివారం, ఆమె ట్రంకు పెట్టె సర్దుతున్నాను. మూడో కప్పు లోపల కాగితాలు కుక్కి ఉన్నాయి. కరెంటు బిల్లులు, పెళ్లి పత్రికలు, బస్సు టికెట్లు కూడా. చదవడం రానివాళ్లకు ఏ కాగితం పారెయ్యడానికీ ధైర్యం చాలదు. అడుగున ఆ చీటీ ఉంది; అన్న చొక్కా ఉతికేటప్పుడు జేబులోనుంచి తీసి అమ్మ దాచి ఉండాలి. కూడబలుక్కుని చదివాను.

"నీ చెవి లోపల పొర తెగి చీము పట్టింది. నీళ్లలో దిగవద్దు. ఈ పోటీ సంగతి మరిచిపో. ఈ నెలలోనే మద్రాసు పోయి ఆపరేషన్ చేయించుకో. ఆలస్యమైతే ప్రాణానికి ముప్పు. నీ గురించి పేపర్లో చదివాను. చెవి బాగైతే నువ్వు మళ్లీ ఈదగలవు."

చివరి మాటను ఎన్నిసార్లు చదివానో.

అన్న బావి దగ్గర ఉన్నాడు. గట్టు మీద చింతగింజలు. నీళ్లలో అన్న కూతురు వళ్ళి, పదకొండేళ్లది, ఎడమకు చుట్లు తిరుగుతోంది. దాని చెవిలో పది రోజులుగా దూది పెట్టి ఉంటోంది. నొప్పంటే నూనె పోశామని వదిన చెప్పింది. నేను చీటీ అన్న చేతికిచ్చాను. నేను అక్షరాలు నేర్చుకున్నట్టు అన్నకు తెలియదు. ఆదివారాలే కదా ఇంట్లో ఉండేది.

"అమ్మ పెట్టెలో ఉండె. ఏమి రాసుండాదన్నా?"

అన్న కళ్లద్దాలు పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇదా. చెవుల్లో మైనం పెట్టుకోమని రాసుండాది. తలకు నూనె రాసుకోమని. భయపడొద్దని."

పద్నాలుగేళ్లు. ఒక్క మాట మారలేదు. అంతా గుర్తు పెట్టుకున్నాడు. నేను చీటీ వెనక్కి తీసుకుని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఒకచోట తడబడ్డాను, ముప్పు అన్న దగ్గర. అన్న దిద్దలేదు.

"మూడో కప్పు వచ్చె కదమే," అన్నాడు. "దాన్ని చదివుంటే నువ్వు ఆ దినం ఈదుండవు."

"ఔను, ఈదుండను. ఇయ్యాల ఈదుతా ఉందును."

"తగ్గిపోతాదనుకుంటినమే. సత్యంగా తగ్గిపోతాదనుకుంటి."

"వళ్ళికి కూడా అట్లనే అనుకుంటా ఉండావా?"

అన్న అలవాటు కొద్దీ ఒక గింజ జరిపాడు. నేను ఆ గింజలన్నీ దోసిట్లోకి తీసి బావిలో వేశాను. వళ్ళి తల ఎత్తి, "ఎన్నయిందత్తా?" అని అడిగింది. "అయిపోయింది, పైకి రా," అన్నాను.

నేను అన్నను క్షమించలేదు. క్షమించానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుందేమో. నాకు కొత్తగా వచ్చిన అక్షరాలను అబద్ధానికి వాడలేను.

మరునాడు సోమవారం, అన్న ఆవడి బండికి పోయినాక, వళ్ళికి తల దువ్వి బయలుదేరదీశాను. వదిన చద్దిమూట చేతికిచ్చింది.

"ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పేది?"

"నాకు చదవను వచ్చిందని చెప్పు వదినా."

తిరువళ్ళూరు ఆస్పత్రిలో అదే పొడుగు బల్ల. ఫినాయిల్ గుడ్డ వచ్చినప్పుడల్లా ఇద్దరం కాళ్లెత్తాం. చిన్నవయసు డాక్టరు, తమిళాయన. చెవి చూసి ఇంగ్లీషులో రాయబోయాడు. తెలుగులో రాయమన్నాను. "తెలుంగు తెరియాదమ్మా," అన్నాడు. సరే, నువ్వు చెప్పు, నేను రాసుకుంటానన్నాను. ఆయన ఒక్కొక్క మాటా తమిళంలో చెబుతుంటే, బల్ల అంచున కాగితం పెట్టుకుని నేను తెలుగులో రాశాను. వెనక వరుసవాళ్లు గొణిగారు. ఆయన ఓపికగా ఆగాడు.

బస్సులో వళ్ళి ఆ కాగితం అడిగింది. ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, "నాకు తమిళ్ మాత్రమే చదవను వచ్చు అత్తా. ఏమి రాసుండాది దీంట్లో?" అంది.

కుడి చెవివైపు కూర్చోబెట్టుకుని, వేలు పెట్టి చూపిస్తూ, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించాను.